ఒకే సినిమా, వేరువేరు కన్నులు



క్రైస్తవ కుటుంబాలు యుద్ధ సినిమాలు చూడవచ్చునా అని కొందరు తలిదండ్రులు మమ్మును అడుగుతుంటారు. పిల్లలు తుపాకుల మోత వింటూ, మనుషులు కూలిపోవుట చూస్తూ అన్నము తింటున్నారని, అది వారికేమీ అనిపించుట లేదని ఒక తల్లి బాధ. యౌవనస్థుల మాట వేరు. "అయ్యగారూ, యుద్ధమంటే ఏమిటో చూడకపోతే సమాధానమంటే ఏమిటో మాకెట్లా తెలుస్తుంది?" అని వారంటారు. రెండు మాటలలోనూ న్యాయమున్నది. గనుక చూడవచ్చును, చూడకూడదు అని ఒక్క మాటలో తేల్చివేయకుండా, అసలు చూచువారు ఏమి చూస్తున్నారు అని ఈ నెల ఆలోచించుదామని మేము తలంచాము. అందుకు ఒక పాత ఇంగ్లీషు సినిమాను ఎన్నుకున్నాము. దానిని చూచినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చూచారు. అందరూ చూచినది ఒకే సినిమా.

దాని పేరు 'దెయిర్స్ ఈజ్ ద గ్లోరీ'. మహిమ వారిదే అని దాని అర్థము. 1946లో బ్రిటనులో విడుదల అయినది. రెండవ ప్రపంచ యుద్ధములో విమానాల నుండి పారాచూట్లతో దూకి శత్రువుల నడుమ దిగిన సైనికుల కథ అది. వారిని పారాట్రూపర్లు అంటారు. గంటన్నర కంటె తక్కువ నిడివి గల నలుపు తెలుపు సినిమా. పాటలు లేవు, తారలు లేరు.

ఏమి జరిగినది

ముందు ఆ యుద్ధమును గూర్చి కొంచెము తెలిసికొనవలెను. 1944 సెప్టెంబరు నాటికి బ్రిటిషు, అమెరికా సేనలు ఫ్రాన్సు దాటి హాలండు సరిహద్దుకు చేరుకున్నవి. హాలండు నాలుగేండ్లకు పైగా జర్మనుల చేతిలో నున్నది. వరుసగా అడ్డమున్న నదులు, కాలువల మీది వంతెనలను ముందుగానే పట్టుకుంటే, వెనుకనుండి వచ్చే సేన తిన్నగా జర్మనీలోనికి పోవచ్చునని సేనాధిపతి మాంట్‌గోమరీ ఆలోచన. క్రిస్మసులోగా యుద్ధము ముగియునని అనేకులు ఆశపడ్డారు. అన్ని వంతెనలలోనూ చివరిది, అందరికంటె దూరమున్నది, రైన్ నది మీద ఆర్నెమ్ పట్టణపు వంతెన. దానిని పట్టుకొను పని బ్రిటనువారి ఒకటవ పారాచూట్ డివిజనుకు అప్పగించారు. పోలెండు దేశపు పారాచూట్ సైనికులు కూడ వారితో చేరారు. అంతా కలిపి పది వేలకు పైబడిన మనుషులు.

1944 సెప్టెంబరు 17, ఆదివారము నాడు వారు దిగారు. కొందరు పారాచూట్లతో దూకారు, కొందరు గ్లైడర్లలో వచ్చారు. గ్లైడరంటే ఇంజను లేని విమానము. మరొక విమానము తాడుతో లాగి వదలిపెడితే అది గాలిలో తేలుతూ పొలములో దిగును. అయితే దిగిన పొలాలు వంతెనకు పదమూడు కిలోమీటర్ల దూరములో నున్నవి. వైర్లెస్ సెట్లు సరిగా పనిచేయలేదు. ఆ ప్రాంతములోనే విశ్రాంతి తీసుకుంటున్న రెండు జర్మను ట్యాంకు డివిజనులు ఉన్నవి. జాన్ ఫ్రాస్టు అను అధికారి క్రింద సుమారు 740 మంది మాత్రమే వంతెన ఉత్తరపు కొసకు చేరగలిగారు. రెండు రోజులలో వెనుక సేన వచ్చునని వారికి చెప్పారు. వారు మూడు రోజులకు పైగా నిలిచారు. వెనుక సేన రాలేదు.

మిగిలినవారు ఆర్నెమ్ ప్రక్కనున్న ఊస్టర్‌బేక్ అను ఊరిలో చిక్కుబడిపోయారు. తొమ్మిది రోజులు ఇంటింటికి, తోటతోటకు పోరాటము. సెప్టెంబరు 25వ తేదీ రాత్రి వానలో, చీకటిలో, పడవల మీద నది దాటి సుమారు 2,400 మంది మాత్రమే తిరిగివచ్చారు. దాదాపు 1,500 మంది చనిపోయారు. ఆరువేలకు పైగా పట్టుబడ్డారు. వారిలో అనేకులు గాయపడినవారు.

దాని తరువాత జరిగినది ఆ ఊరివారి కథ. జర్మనులు ఆర్నెమ్ పట్టణమునంతటిని ఖాళీ చేయించారు. ముసలివారు, బాలింతలు, పిల్లలు తోపుడు బండ్లతో రోడ్డున పడ్డారు. ఆ చలికాలములో పడమటి హాలండులో ఆహారము కరవైనది. ప్రజలు తులిప్ పూల దుంపలు తిన్నారు. సుమారు ఇరువది వేలమంది ఆకలితో, చలితో చనిపోయారని చరిత్రకారులు చెబుతారు.

నటులు లేని సినిమా

ఐరోపాలో యుద్ధము 1945 మే నెలలో ముగిసినది. అదే సంవత్సరము సినిమావారు ఊస్టర్‌బేకుకు, ఆర్నెముకు వచ్చారు. దర్శకుడు బ్రయన్ డెస్మండ్ హర్స్ట్. ఐర్లండులో పుట్టిన ఈయన యౌవనములో మొదటి ప్రపంచ యుద్ధమున గలిపోలిలో సిపాయిగా పోరాడినవాడు. తుపాకి దెబ్బ ఎట్లుండునో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆయన ఒక నిర్ణయము చేశాడు. ఈ సినిమాలో నటులు ఉండరు. ఆర్నెములో పోరాడి బ్రదికివచ్చిన సైనికులే సుమారు రెండు వందల మంది మరల అదే వీధులకు వచ్చి, తాము చేసినదే కెమెరా ముందు చేశారు. సెట్టింగులు వేయవలసిన పని లేదు. ఊరు కూలిపోయి సిద్ధముగా నున్నది. యుద్ధ సమయములో సైన్యపు కెమెరామెన్ తీసిన నిజమైన దృశ్యాలను కూడ అందులో కలిపారు. పెద్ద తారలకు ఇచ్చు సొమ్ము లేదు, కట్టడాల ఖర్చు లేదు. సొమ్ము విషయములో చిన్న సినిమా. కాని రెండు వందల మంది తమ స్నేహితులు కూలిన చోటనే మరల పరుగెత్తుట ఏ లెక్కలో వ్రాయగలము?

ముప్పది ఏండ్ల తరువాత, 1977లో, ఇదే యుద్ధమును గూర్చి 'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' అను మరొక సినిమా వచ్చినది. తరువాత 1982లో గాంధీగారి జీవితమును సినిమాగా తీసిన రిచర్డ్ అటెన్‌బరోగారే దానికి దర్శకుడు. అది రంగుల సినిమా, దాదాపు మూడు గంటలు, పేరుగాంచిన తారలు అనేకులు. ఆర్నెము అప్పటికి చాలా మారిపోయినది గనుక వంతెన దృశ్యాలు డెవెంటర్ అను మరొక పట్టణములో తీశారు. ఆ సినిమాను లోకమంతా చూచినది. మొదటి చిన్న సినిమాను ఈనాడు ఎరిగినవారు తక్కువే. అయినను ఈ యుద్ధమును గూర్చి తెలిసినవారు నేటికీ దాని యొద్దకు తిరిగి వస్తుంటారు.

చూచినవారు ఏమి చూచారు

ఇప్పుడు చూచినవారి సంగతికి వత్తము.

మొదటివారు 1946లో బ్రిటనులో టిక్కెట్టు కొని కూర్చున్న సామాన్య జనులు. అప్పటికి యుద్ధము జరిగి రెండేండ్లు. ఆ హాళ్ళలో కూర్చున్నవారిలో కొడుకును పోగొట్టుకొన్న తండ్రి, భర్త ఏ తోటలో పాతిపెట్టబడెనో తెలియని భార్య ఉండక మానరు. అట్టివారు కథ చూడరు, ముఖాలు చూస్తారు. విమానము తలుపు దగ్గర వరుసగా నిలిచిన సైనికులలో మనవాని వెనుక నిలిచినవాడు వీడేనేమో, చివరి మాట విన్నవాడు వీడేనేమో అని వెదకుతారు. మన ఇండ్లలోనూ ఇది తెలిసిన సంగతే. పెండ్లి వీడియో వేస్తే అందరూ పెండ్లికొడుకును చూస్తారు. ఆ సంవత్సరమే తండ్రిని పోగొట్టుకొన్న కూతురు మాత్రము పందిట్లో మూలన నిలిచి వడ్డిస్తున్న తండ్రిని చూస్తుంది.

రెండవవారు అందులో కనబడిన సైనికులే. లోన్స్‌డేల్ అను అధికారి సంగతి చూడండి. ఊస్టర్‌బేక్ గ్రామములో వెయ్యేండ్ల నాటి పాత దేవాలయమున్నది. యుద్ధము నడుమ అలసి, చెల్లాచెదరై వచ్చిన సైనికులను ఆ దేవాలయములో కూర్చుండబెట్టి, తల మీద, చేతి మీద కట్లతోనే ప్రసంగ వేదిక యెక్కి ఆయన వారికి ధైర్యము చెప్పాడు. ఏడాది తరువాత, పైకప్పు కూలిన అదే దేవాలయములో, కెమెరా ముందు ఆయనే మరల ఆ మాటలు చెప్పాడు. మొదటిసారి విన్నవారిలో ఎందరో లేరు. అట్టి మనిషి ఆ సినిమా చూచినప్పుడు తెర మీద లేనివారే ఆయనకు కనబడియుందురు.

మూడవవారు ఆ ఊరి జనులు. వారికి సైనికుల కంటె ముందు కనబడేది గోడ. ఇది మా వీధి, ఇది మా దుకాణము, ఇక్కడ మా చెట్టుండేది అని. బ్రిటిషువారికి అది వీరుల కథ. ఆ ఊరివారికి అది తమ ఇల్లు పోయిన కథ. ఆశ్చర్యమేమంటే, వారు ఆ సైనికులను ద్వేషించలేదు. మీరు రాకపోతే మా ఊరు నిలిచియుండును గదా అని వారు అనవచ్చును. అనలేదు. ఊస్టర్‌బేకులోని సైనికుల స్మశానములో 1,750కి పైగా సమాధులున్నవి. 1945 మొదలుకొని ప్రతి సెప్టెంబరులోనూ ఆ ప్రాంతపు బడిపిల్లలు వచ్చి ఒక్కొక్క సమాధి వద్ద నిలిచి పూలు పెడతారు. ఆనాటి పిల్లల మనుమలు ఈనాడు పెడుతున్నారు.

నాలుగవవారు సరంజామా చూచేవారు. తుపాకి ఏ రకము, టోపీ రంగు సరియేనా, ట్యాంకు అసలుదా అని చూస్తారు. ఇట్టివారు ఈ సినిమాను బహుగా మెచ్చుకొంటారు. అన్నీ అసలువే గదా. ఆ శ్రద్ధను మేము చులకన చేయము. అబద్ధము చూపించకూడదనుట మంచిదే. అయితే బొత్తాముల లెక్క సరిచూచి, ఆ బొత్తాముల వెనుకనున్న గుండెను మరచిపోతే నష్టము.

అయిదవవారు ఈనాటి యౌవనస్థులు. వారికి ఈ సినిమా నెమ్మదిగా నడచినట్లుండును. సైనికులు మాటలు అప్పజెప్పినట్లు పలుకుతారు, ముఖములో భావము కనబడదు అంటారు. అది నిజమే, వారు నటులు కారు. కాని ఒక మాట ఆలోచించండి. మన సంఘములో భర్త చనిపోయిన సహోదరి సాక్ష్యము చెప్పునప్పుడు ఎట్లు చెప్పును? సినిమాలో వలె పెద్దగా ఏడ్చి, సంగీతముతో చెప్పదు. తల వంచుకొని, తడబడుతూ, పొడిపొడిగా నాలుగు మాటలు చెప్పి కూర్చుంటుంది. నిజముగా బాధ అనుభవించినవారు చాలసార్లు అట్లే మాట్లాడుతారు. బాగుగా ఏడ్చుటకు అలవాటుపడిన నటుని చూచి చూచి, పొడిగా మాట్లాడు నిజమైన మనిషి మనకు చప్పగా తోచుచున్నాడేమో.

ఆరవవారు ఇందులో లేనిదానిని అడుగువారు. వారి ప్రశ్న కూడ న్యాయమైనదే. ట్యాంకులు దాపునే ఉన్నవను వార్త ముందే అందినను ఎందుకు లక్ష్యపెట్టలేదు? అంత దూరాన ఎందుకు దింపారు? ఈ తప్పులను గూర్చి ఆ సినిమా పై అధికారులను నిలదీయదు. జర్మను సిపాయి కూడ ఒక తల్లి బిడ్డయే అను సంగతి అందులో అంతగా కనబడదు. గెలిచిన దేశము, గాయము పచ్చిగా నున్నప్పుడు తీసిన సినిమా అది. ఆ హద్దులను మనము గుర్తించవలెను. ఏ సినిమా అయినా అంతా చెప్పదు. చెప్పనిదానిని అడుగుట చూచువాని బాధ్యత.

యుద్ధములో నిజముగా జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పవలెను. సెప్టెంబరు 24, అదియు ఆదివారమే. బ్రిటిషువారి ముఖ్య వైద్యాధికారి గ్రేమ్ వారక్ తెల్లజెండాతో జర్మనుల యొద్దకు వెళ్ళి, గాయపడినవారిని తరలించుటకు కాల్పులు ఆపుమని అడిగాడు. వారు ఒప్పుకున్నారు. ఆ మధ్యాహ్నము సుమారు రెండు గంటలు తుపాకులు ఆగినవి. వందలాది మంది గాయపడినవారిని జర్మను ఆస్పత్రులకు చేర్చారు. తరువాత మరల కాల్పులు మొదలైనవి. ఆ రెండు గంటలు ఆగగలిగినవారు ఎల్లప్పుడు ఎందుకు ఆగలేరు అను ప్రశ్న మన మనస్సులో నిలువవలెను.

ఒకే యుద్ధవార్తను ఇద్దరు రెండు విధములుగా వినుట మన బైబిలులోనే ఉన్నది. అబ్షాలోము తిరుగుబాటు అణగినప్పుడు యోవాబుకు అది జయము. దావీదు గుమ్మము వద్ద కూర్చుండి పరుగెత్తి వచ్చినవానిని జయమును గూర్చి అడుగలేదు, బాలుడు క్షేమముగా నున్నాడా అని అడిగాడు. ఆ దినపు జయము జనులకందరికి దుఃఖముగా మారినది. సేనాధిపతి కన్నులు వేరు, తండ్రి కన్నులు వేరు. మన పిల్లలకు మనము ఏ కన్నులు ఇస్తున్నాము అనునదే అసలు ప్రశ్న.

ఆ తల్లి చదివిన కీర్తన

ఆ సినిమాలో ఒక స్త్రీ కనబడుతుంది. ఆమె పేరు కేట్ టెర్ హోర్స్ట్. ఆమె కూడ నటి కాదు. తన పాత్రను తానే చేసినది. మేము చెప్పిన ఆ పాత దేవాలయము ప్రక్కనే, ఒకప్పుడు పాదిరిగారు కాపురమున్న ఇల్లు ఉన్నది. ఆ ఇంటిలో ఆమె అయిదుగురు పిల్లలతో నివసించేది. చివరిది చంటిబిడ్డ. భర్త ఇంట లేడు. గాయపడిన సైనికులను చేర్చుకొనుటకు చోటు కావలెనని అడిగితే ఆమె తలుపు తెరచినది. మొదట కొందరే అనుకున్నారు. తరువాత గదులు, నడవలు, మెట్ల క్రింద, ఎక్కడ చూచినను పడుకోబెట్టారు. ఆ దినములలో ఆ ఇంటికి వచ్చినవారు రెండు వందల యేబది మందికి పైగానే. పిల్లలు నేలమాళిగలో నున్నారు. నీళ్ళు లేవు, మందులు అయిపోయినవి, గోడలకు గుండ్లు తగులుచున్నవి. చనిపోయినవారిని ఆమె తోటలోనే పాతిపెట్టారు. అట్లు ఆ ఒక్క తోటలో 57 మంది.

ఆమెకు వైద్యము రాదు. ఆమె చేసినది ఇంతే. చేతిలో ఇంగ్లీషు బైబిలుతో గదిగదికి తిరిగి, చనిపోవుచున్న ఆ బిడ్డల భాషలో తొంబది ఒకటవ కీర్తన చదివినది. రాత్రి భయమును గూర్చి, పగలు ఎగురు బాణమును గూర్చి, దేవుని రెక్కల నీడను గూర్చి చెప్పు ఆ కీర్తనను మనలో ఎరుగనివారు లేరు. ప్రయాణమునకు ముందు చదువుతాము, జ్వరముతో నున్న బిడ్డ ప్రక్కన చదువుతాము. సినిమాలో ఆమె మరల ఆ కీర్తన చదువుతుంది. చూచినవారిలో అనేకులు మిగిలిన కాల్పులన్నీ మరచినను ఆ దృశ్యము మరువరు.

ఇక్కడ నిజాయితీగా ఒక ప్రశ్న అడుగవలెను. ఆ కీర్తన విన్న కుర్రవాండ్రలో అనేకులు చనిపోయారు. తోటలో 57 సమాధులు. అంతటితో ఆగలేదు. సినిమా విడుదలైన మరుసటి సంవత్సరము, 1947లో, యుద్ధపు మందుపాతర ఒకటి నేలలో మిగిలిపోయి పేలగా ఆమె పెద్దకుమారుడే చనిపోయాడు. ఇంతమంది బిడ్డలకు రక్షణ కీర్తన చదివిన తల్లికి తన బిడ్డ దక్కలేదు. అట్లయితే ఆ కీర్తన అబద్ధమా?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పేవారిని చూస్తే మాకు భయము. నమ్మకము చాలక చనిపోయారు అని చెప్పువారు మన మధ్య ఉన్నారు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ఆ మాట అనుట క్రూరత్వము. ఏదో మంచికే అని భుజము తట్టి వెళ్ళిపోవుట కూడ సరికాదు.

మేము ఒక్క సంగతి జ్ఞాపకము చేస్తాము. సువార్తలో ఈ కీర్తన మాటలను తీసికొని ప్రభువునకు వినిపించినవాడు ఎవడు? సాతాను. దేవాలయ శిఖరము మీద నిలువబెట్టి, దూకుము, దూతలు పట్టుకొందురు అని ఈ కీర్తననే చూపించాడు. ప్రభువు దూకలేదు. ఆయన ఆ కీర్తనను తాయెత్తుగా వాడలేదు. తరువాత ఆయన సిలువకు వెళ్ళాడు, అక్కడ దూతలు దిగిరాలేదు. అయినను తన ఆత్మను తండ్రి చేతికే అప్పగించాడు. గనుక ఈ కీర్తన గుండు తగలకుండ కట్టుకొను దారము కాదు. గుండు తగిలిన తరువాత కూడ నీవు ఎవరి చేతిలో నున్నావో చెప్పు మాట. చంటిబిడ్డను క్రింద మాళిగలో ఉంచి, పైకి వచ్చి, తన దేశము కాని బిడ్డల ప్రక్కన కూర్చున్న ఆ స్త్రీలోనే ఆ చావబోవు కుర్రవాండ్రకు రెక్కల నీడ కొంత కనబడియుండును. వారు ఒంటరిగా చనిపోలేదు. అంతకంటె ఎక్కువ మేము చెప్పలేము. చెప్పనక్కరలేదు కూడ.

ఆ తల్లి కొడుకును పోగొట్టుకొన్న తరువాత కూడ ఆ ఇంటనే ఉన్నది. ఏండ్ల తరబడి ఆ సైనికులు, చనిపోయినవారి తలిదండ్రులు వస్తే తలుపు తీసినది. 1977 సినిమాలో లివ్ ఉల్‌మన్ అను గొప్ప నటి ఆమె పాత్ర ధరించినది. 1992లో తన ఇంటి ముందే కారు తగిలి ఆమె చనిపోయినది.

మన ఇండ్లలో

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. యుద్ధ సినిమాలు చూడవచ్చునా?

చిన్నపిల్లలకు వద్దు. చంపుట చూచి చూచి అలవాటైతే చేయి మొద్దుబారినట్లు మనస్సు మొద్దుబారును. శత్రువును మనిషిగా చూపక, పురుగువలె నలిపి చప్పట్లు కొట్టించు సినిమాలు పెద్దలకు కూడ వద్దు. అవి ఏ భాషవి అయినను, ఏ దేశ జెండా చూపినను సరే. ఎదిగిన పిల్లలు చూడదలిస్తే ఒంటరిగా సెల్లులో చూడనీయక ప్రక్కన కూర్చుండండి. కూర్చుంటే సరిపోదు, తరువాత మాట్లాడండి. అందుకు మూడు ప్రశ్నలు చాలును.

చనిపోయినవాని ఇంటిలో ఈ వార్త ఎవరు విన్నారు? ఇది మొదటిది. కూలినవాడు ఏ వైపువాడైనను ఈ ప్రశ్న అడుగండి.

ఈ కథలో ఎవరిని చూపించలేదు? ఇది రెండవది. పొలము పోయిన రైతు, వంట చేసి పెట్టిన అమ్మ, ఆకలితో పోయిన ముసలివాడు, తప్పుడు ఆజ్ఞ ఇచ్చి సుఖముగా ఇంటికి పోయిన పెద్దమనిషి.

ఆ చోట నేనుంటే తలుపు తెరచుదునా? ఇది మూడవది, కష్టమైనది. యుద్ధము మన ఊరికి రాకపోవచ్చును. కాని రాత్రి పదకొండు గంటలకు పొరుగువాని బిడ్డకు నొప్పి వచ్చునప్పుడు, పొలముగట్టు తగవుతో మాటలు లేనివాని ఇంట చావు జరిగినప్పుడు మన తలుపు మీదను చేయి పడును. కేట్ టెర్ హోర్స్ట్ ఆ ఒక్క దినాన వీరురాలు కాలేదు. తలుపు తీయుట అంతకు ముందే అలవాటైన ఇల్లు అది అని మేము తలంచుచున్నాము.

సైన్యములో బిడ్డలున్న కుటుంబాలు మన సంఘాలలో ఉన్నవి. సరిహద్దు నుండి ఫోను రాని రాత్రి ఆ ఇంటివారు ఎట్లు గడుపుదురో మనము తెలిసికొనవలెను. యుద్ధ సినిమా చూచి ఈలలు వేయువాడు ఒక్క సాయంత్రము ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటే, సినిమాలో చూడనిది అక్కడ చూచును. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ బిడ్డల పేర్లు పెట్టి ప్రార్థించండి. ఎదుటి సరిహద్దున నిలిచిన బిడ్డల పేర్లు మనకు తెలియవు. వారి తల్లులకు తెలియును, దేవునికి తెలియును. వారిని కూడ ఆయనకు అప్పగించండి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఇండ్లకు, మీ పిల్లల కన్నులకు కాపుదలగా నుండును గాక. ఆమేన్.